జీవశాస్త్రంలో డిగ్రీ: చివరి సెమిస్టర్ నుంచి వెనక్కి వేసుకోవలసిన ప్రణాళిక

జీవశాస్త్రంలో డిగ్రీ చదవాలనుకునే విద్యార్థి అన్నిటికంటే ముందు గ్రహించవలసింది, ఈ పట్టా ఏ ఒక్క ఉద్యోగంతోనూ ముడిపడి ఉండదని. నర్సింగ్ చదివినవారు, సివిల్ ఇంజనీరింగ్ చదివినవారు ఏ పనికి సిద్ధమయ్యారో పట్టా మీది పేరే చెబుతుంది. జీవశాస్త్ర పట్టా అలా చెప్పదు. అదే పట్టాతో ఒకరు టీకాల కర్మాగారంలో నాణ్యత పరీక్షల విభాగంలో చేరతారు, ఒకరు అడవిలో కెమెరాలు అమర్చి జంతువుల సంఖ్యను అంచనా వేస్తారు, మరొకరు కంప్యూటర్ ముందు కూర్చుని కణితుల జన్యుక్రమాలను విశ్లేషిస్తారు, ఇంకొకరు బడిలో పాఠం చెబుతారు. ఇన్ని దారులుండటం ప్రణాళిక ఉన్నవారికి గొప్ప వెసులుబాటు. ప్రణాళిక లేనివారికి మాత్రం చదువు పూర్తయ్యే నాటికి మార్కుల జాబితా తప్ప చూపించడానికి మరేమీ మిగలదు.

అందువల్ల చదువు మూడేళ్లదైనా నాలుగేళ్లదైనా, చివరి సెమిస్టర్‌ను ముందుగా ఊహించుకుని అక్కడి నుంచి వెనక్కి లెక్క వేసుకోవడం మంచిది. ఆ సెమిస్టర్‌కు చేరేసరికి విద్యార్థి చేతిలో మూడు ఉండాలి. మొదటిది, ఒక ప్రశ్నతో మొదలై, సమాచార సేకరణ, విశ్లేషణ దాటి ఒక నిర్ధారణ దాకా వెళ్లిన సొంత పని, అదీ రాతపూర్వకంగా. రెండవది, పక్కన ఎవరూ నిలబడి చెప్పనక్కరలేకుండా స్వయంగా చేయగలిగిన కొన్ని పద్ధతులు. మూడవది, తాను పనిచేయడాన్ని కళ్లారా చూసి, ఆ పని గురించి వివరంగా రాయగల ఇద్దరు ముగ్గురు అధ్యాపకులు. వీటిలో ఏదీ ఆఖరి నెలల్లో హడావిడిగా సమకూరేది కాదు. ఒక అధ్యాపకుడు మనస్ఫూర్తిగా సిఫారసు లేఖ రాయాలంటే కనీసం ఏడాదిపాటు మనల్ని గమనించి ఉండాలి. సొంత ప్రాజెక్టు మొదలుపెట్టాలంటే అంతకుముందే పద్ధతులు చేతికి వచ్చి ఉండాలి. పద్ధతులు అర్థం కావాలంటే వాటి వెనుక ఉన్న రసాయనశాస్త్రం, గణాంకశాస్త్రం తెలిసి ఉండాలి. ఇలా వెనక్కి వెళ్తే, మొదటి ఏడాది ఏ సబ్జెక్టులు తీసుకోవాలన్న ప్రశ్నకు జవాబు దానంతటదే తేలుతుంది.

మొదటి ఏడాదిలో రసాయనశాస్త్రం, గణితం

జీవశాస్త్ర విభాగాల్లో చాలా సబ్జెక్టులు ఒక వరుసలో ఉంటాయి. సాధారణ రసాయనశాస్త్రం చదవకుండా కర్బన రసాయనశాస్త్రం అర్థం కాదు, అది లేకుండా జీవరసాయనశాస్త్రం పట్టుబడదు, జీవరసాయనశాస్త్రం రానిదే అణుజీవశాస్త్రంలోని పై స్థాయి పాఠాలు కంఠస్థం చేయడానికే తప్ప ఆలోచించడానికి ఉపయోగపడవు. చాలా విశ్వవిద్యాలయాలు ఈ వరుసను నిబంధనగానే పెడతాయి. మొదటి ఏడాదిలో రసాయనశాస్త్రాన్ని వాయిదా వేస్తే ఆ జాప్యం ఒక్క సబ్జెక్టుతో ఆగదు, తర్వాతివన్నీ వెనక్కి జరిగి, ప్రాజెక్టుకు కేటాయించవలసిన ఆఖరి సెమిస్టర్‌లో పరీక్షలు పేరుకుపోతాయి. కాబట్టి ప్రవేశం దొరికిన వెంటనే విభాగం ప్రకటించిన పాఠ్యప్రణాళికను తీసుకుని, ఏ సబ్జెక్టుకు ఏది ముందు కావాలో బాణపు గుర్తులతో ఒక కాగితం మీద గీసుకోవాలి. కొన్ని సబ్జెక్టులను ఏడాదికి ఒక్క సెమిస్టర్‌లోనే బోధిస్తారు. ఆ సంగతి కూడా అదే కాగితం మీద ఉండాలి, ఎందుకంటే అలాంటి సబ్జెక్టు ఒకసారి తప్పిపోతే మళ్లీ ఏడాది ఆగవలసి వస్తుంది.

లెక్కలంటే భయంతో జీవశాస్త్రాన్ని ఎంచుకునేవారు చాలామంది ఉన్నారు. వారికి ఈ మాట నిజాయితీగా, మొదట్లోనే చెప్పాలి: ఈ శాస్త్రంలోని మలుపుల్లో చాలా వాటికి లెక్కే కారణం. గ్రెగర్ మెండెల్ 1866లో ప్రచురించిన పత్రానికి బలమిచ్చింది బఠానీ మొక్కల వర్ణన కాదు, లెక్కింపు. రెండవ తరంలో ఆయనకు 5,474 నున్నని గింజలు, 1,850 ముడతలు పడ్డ గింజలు వచ్చాయి. ఆ నిష్పత్తి దాదాపు మూడుకు ఒకటి అని గుర్తించడంలోనే అనువంశికత సూత్రం దాగి ఉంది. సాల్వడార్ లూరియా, మాక్స్ డెల్‌బ్రూక్ 1943లో బ్యాక్టీరియాలో ఉత్పరివర్తనాలు వైరస్ దాడికి ప్రతిస్పందనగా కాక, అంతకుముందే యాదృచ్ఛికంగా ఏర్పడతాయని చూపించింది కూడా, వేర్వేరు గొట్టాల్లో పెంచిన బ్యాక్టీరియాలో వైరస్‌ను తట్టుకున్న వాటి సంఖ్య ఒక గొట్టానికీ మరో గొట్టానికీ ఎంత తేడాగా ఉందో గణించడం ద్వారానే.

కలనగణితం ఒక సెమిస్టర్ చదివితే చాలామందికి సరిపోతుంది. గణాంకశాస్త్రం మాత్రం కనీసం రెండు సెమిస్టర్లు చదవాలన్నది నా దృఢమైన అభిప్రాయం, మొదటిది రెండవ ఏడాది ముగిసేలోపే పూర్తి కావాలి. ఎందుకంటే ప్రయోగం ముగిశాక గణాంకం నేర్చుకుంటే, పాడైన ప్రయోగం ఎందుకు పాడైందో తెలుసుకోవడానికి మాత్రమే అది పనికొస్తుంది. ఒక ఉదాహరణ చూద్దాం. ఒక ఎరువు మొక్కల ఎదుగుదలను పెంచుతుందా అని పరీక్షించడానికి ఒక పెద్ద తొట్టిలో ఎరువు వేసి ఇరవై మొక్కలను, ఎరువు వేయని మరో తొట్టిలో ఇరవై మొక్కలను పెంచామనుకుందాం. చూడటానికి ఒక్కో పక్షాన ఇరవై నమూనాలు ఉన్నట్టు అనిపిస్తుంది, కానీ ఎరువు వేసింది ఒక్క తొట్టికే కనుక నిజానికి ఒక్కో పక్షాన ఉన్నది ఒకే ఒక్క నమూనా. కనిపించిన తేడా ఎరువు వల్ల వచ్చిందో, ఆ తొట్టి కిటికీకి దగ్గరగా ఉండటం వల్ల వచ్చిందో చెప్పే మార్గం లేదు. స్టువర్ట్ హర్ల్‌బర్ట్ అనే జీవావరణ శాస్త్రవేత్త 1984లో ఈ పొరపాటును వివరంగా ఎత్తిచూపారు. అయినా నేటికీ విద్యార్థుల ప్రాజెక్టుల్లో ఇది తరచుగా కనిపిస్తుంది. మొదటి మొక్క నాటకముందే ఈ విషయం తెలిసిన విద్యార్థి ఇరవై చిన్న కుండీలు తీసుకుని, ఏ కుండీకి ఎరువు వేయాలో చీటీలు తీసి నిర్ణయిస్తాడు, వాటిని కలగలిపి అమరుస్తాడు.

గణాంకంతోపాటు ఒక ప్రోగ్రామింగ్ భాష కూడా నేర్చుకోవాలి. ఆర్, పైథాన్‌లలో ఏదైనా సరే, రెండూ ఉచితమే. నేర్చుకునే తీరే ముఖ్యం. విడిగా పాఠాలు వినడం కంటే, సొంత ప్రాక్టికల్స్‌లో వచ్చిన కొలతలను తీసుకుని వాటికి గ్రాఫు గీయడంతో మొదలుపెడితే అది నిలబడుతుంది.

విషయ విస్తృతిని ఎక్కడ కాపాడుకోవాలి

కణజీవశాస్త్రం, జన్యుశాస్త్రం, జీవరసాయనశాస్త్రం, శరీరధర్మశాస్త్రం, జీవావరణశాస్త్రం, పరిణామం అనే ఆరూ పునాది సబ్జెక్టులు. వీటిలో పరిణామాన్ని ఐచ్ఛికంగా భావించి వదిలేసేవారు మిగతా ఐదింటినీ కలిపే సూత్రాన్ని వదులుకుంటున్నారు. ఔషధాలకు లొంగని బ్యాక్టీరియా ఎలా వస్తుంది, వైరస్ కొత్త రకాలు ఎందుకు వ్యాపిస్తాయి, కణితిలోని కణాలు చికిత్సను ఎలా తప్పించుకుంటాయి అన్న ప్రశ్నలన్నీ ప్రకృతి వరణానికి సంబంధించినవే.

మరొక విషయం. అణుస్థాయి జీవశాస్త్రానికి ఆకర్షణ ఎక్కువ కావడంతో, ఒక్క జీవినైనా చూసి అది ఏ కుటుంబానికి చెందిందో చెప్పలేకుండానే చదువు పూర్తిచేసేవారు పెరుగుతున్నారు. ఇది నాకు బాధ కలిగించే పరిణామం. మొక్కల గురించి ఒకటి, జంతువుల గురించి ఒకటి, సూక్ష్మజీవుల గురించి ఒకటి చొప్పున, జీవిని జీవిగా పరిచయం చేసే సబ్జెక్టులు తీసుకోవాలి. పర్యావరణ ప్రభావ అంచనా, వ్యవసాయ చీడపీడల నియంత్రణ, వ్యాధివాహక కీటకాల పర్యవేక్షణ వంటి రంగాల్లో జాతులను గుర్తుపట్టగలవారి అవసరం ఎప్పుడూ ఉంటుంది, అలా గుర్తుపట్టడం కొద్ది వారాల శిక్షణతో వచ్చే విద్య కాదు.

అదే సమయంలో, ప్రత్యేక రంగం పేరు పెట్టుకున్న సబ్జెక్టులను మొదటి రెండేళ్లలో పోగుచేసుకోవడం తొందరపాటు అవుతుంది. పేరులో నానో అనో, జీనోమిక్స్ అనో ఉన్నంత మాత్రాన ఆ సబ్జెక్టు పునాదికి ప్రత్యామ్నాయం కాదు. పద్ధతులు మారిపోతూ ఉంటాయి. మానవ జీనోమ్ ప్రాజెక్టు 1990లో మొదలై 2003లో ముగిసింది, ఆ పనికి ప్రపంచవ్యాప్తంగా ఎన్నో ప్రయోగశాలలు కలిసి శ్రమించవలసి వచ్చింది. ఈనాడు ఒక మనిషి జన్యుక్రమాన్ని ఒకే యంత్రం కొద్ది రోజుల్లోనే చదివేస్తుంది. యంత్రం మారినా, అది ఇచ్చిన సమాచారాన్ని అర్థం చేసుకోవడానికి కావలసిన జన్యుశాస్త్రం మాత్రం మారలేదు.

ప్రయోగశాలలో చోటు సంపాదించడం

డిగ్రీ విద్యార్థి చేసే పరిశోధన అసలైన పరిశోధన కాదన్న అపోహ ఒకటి ఉంది. చరిత్ర చూస్తే అది నిలవదు. జన్యువులు క్రోమోజోమ్ మీద ఒక వరుసలో అమరి ఉంటాయని చూపిన మొట్టమొదటి జన్యుపటాన్ని 1911లో గీసిన ఆల్ఫ్రెడ్ స్టర్టెవాంట్ అప్పటికి కొలంబియా విశ్వవిద్యాలయంలో డిగ్రీ విద్యార్థి. థామస్ హంట్ మోర్గన్ ప్రయోగశాలలో పండ్ల ఈగల మీద పోగైన సమాచారాన్ని ఇంటికి తీసుకువెళ్లి, ఆ రాత్రి తరగతి పనిని పక్కనపెట్టి, రెండు జన్యువులు ఎంత తరచుగా విడిపోతాయో దాన్నిబట్టి వాటి మధ్య దూరాన్ని లెక్కించారు. ఆరు లక్షణాలతో కూడిన ఆ పటం 1913లో అచ్చయింది. అలాగే అమెరికాలోని ఎల్లోస్టోన్ వేడినీటి బుగ్గల్లో థామస్ బ్రాక్‌తో కలిసి థెర్మస్ అక్వాటికస్ అనే బ్యాక్టీరియాను వేరుచేసిన హడ్సన్ ఫ్రీజ్ ఆ నాటికి డిగ్రీ విద్యార్థే. వారు 1969లో దాన్ని వర్ణించినప్పుడు వారి ముందున్న ప్రశ్న, అంత వేడిలో జీవం ఎలా బతుకుతుందన్నదే. కేరీ మల్లిస్ 1983లో ఊహించిన పీసీఆర్ అనే, డీఎన్ఏ ముక్కకు అసంఖ్యాక నకళ్లు తీసే పద్ధతిలో డీఎన్ఏను ప్రతి విడతలోనూ దాదాపు 95 డిగ్రీల సెల్సియస్ దాకా వేడిచేయాలి, ఆ వేడికి నకళ్లు తీసే మామూలు ఎంజైమ్ చెడిపోతుంది. ఆ వేడిని తట్టుకునే ఎంజైమ్ ఈ బ్యాక్టీరియా నుంచే దొరికింది, అది వచ్చాకే పీసీఆర్ ప్రతి ప్రయోగశాలలోకీ చేరగలిగింది.

రెండవ ఏడాది మొదట్లోనే ప్రయోగశాలల కోసం వెతకడం మొదలుపెట్టాలి. విభాగంలోని అధ్యాపకుల పేజీలు చూసి, ఆసక్తి కలిగించిన నలుగురైదుగురిని ఎంచుకుని, ఒక్కొక్కరు ఇటీవల ప్రచురించిన పత్రం ఒకటి చదవాలి. మొత్తం అర్థం కానవసరం లేదు. ముందు సారాంశం, తర్వాత పటాలు, వాటి కింది వివరణలు, ఆ తర్వాత చర్చ, చివరికి పద్ధతులు అనే క్రమంలో చదివితే, వారు ఏ ప్రశ్న అడిగారో, ఏ ఆధారంతో జవాబు చెప్పారో తెలుస్తుంది. అప్పుడు పది వాక్యాలకు మించని ఒక ఈమెయిల్ రాయాలి. అందులో మీరు ఏ సంవత్సరం చదువుతున్నారు, వారి పనిలో ఏ విషయం మిమ్మల్ని ఆలోచింపజేసింది, వారానికి ఎన్ని గంటలు, ఎన్ని సెమిస్టర్లపాటు రాగలరు అన్నవి స్పష్టంగా ఉండాలి. ఒకే ఈమెయిల్‌ను అందరికీ పంపితే అది చదివేవారికి మొదటి వాక్యంలోనే తెలిసిపోతుంది. రెండు వారాల్లో జవాబు రాకపోతే మరొకసారి మర్యాదగా రాయవచ్చు, లేదా ఆఫీసు వేళల్లో నేరుగా కలవవచ్చు. ఆ ప్రయోగశాలలోని రీసెర్చ్ స్కాలర్లతో ముందుగా మాట్లాడటం ఇంకా మంచిది, ఎందుకంటే మీకు రోజూ పని నేర్పేది వారే, అక్కడ కొత్తవారికి నేర్పే ఓపిక ఉందో లేదో నిజంగా చెప్పగలిగేది కూడా వారే.

తీసుకున్న తర్వాత మొదటి నెలలు గాజుసామాను కడగడం, పోషక మాధ్యమం కలపడం, పెట్రి డిష్‌లకు లేబుళ్లు రాయడం వంటి పనులతోనే గడుస్తాయి. దాన్ని చిన్నతనంగా భావించకూడదు. మాధ్యమం సరిగా కలపలేనివారి చేతిలో కణాలు పెరగవు. ఆ దశలో గట్టిగా పట్టు సాధించవలసినవి ఇవి: మైక్రోపైపెట్‌ను సరిగా పట్టి ఒకే పరిమాణాన్ని పదేపదే తీయగలగడం, తీసిన నీటిని త్రాసు మీద తూచి ఆ పైపెట్ సరిగ్గా కొలుస్తోందో లేదో పరీక్షించడం, గాఢ ద్రావణం నుంచి కావలసిన గాఢతకు పలచన చేసే లెక్కను కాగితం చూడకుండా చేయగలగడం, క్రిమిరహితంగా పనిచేయడం, ప్రతి ప్రయోగంలోనూ ఏది కంట్రోల్‌గా, అంటే పోల్చి చూడటానికి మార్పు చేయకుండా ఉంచే నమూనాగా, ఉండాలో ముందే ఆలోచించడం. పీసీఆర్, డీఎన్ఏ ముక్కలను పరిమాణాన్నిబట్టి వేరుచేసే జెల్ ఎలక్ట్రోఫోరెసిస్, కణాల పెంపకం, మైక్రోస్కోపీ వంటివి ఆ తర్వాత ఆ ప్రయోగశాల అవసరాన్నిబట్టి వస్తాయి. ఆరు నెలలు గడిచినా కడగడం తప్ప మరే పనీ ఇవ్వకపోతే, ఒక చిన్న ప్రశ్నను సొంతంగా పరిశోధించే అవకాశం ఇవ్వమని గైడ్‌ను అడగాలి, అప్పటికీ దొరకకపోతే మరో చోటు చూసుకోవడంలో తప్పు లేదు. భద్రతా శిక్షణ ఇవ్వకుండా రసాయనాలు చేతికిచ్చే చోట మాత్రం ఒక్క రోజు కూడా పనిచేయవద్దు.

ప్రయోగశాల నోట్‌బుక్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. ప్రాక్టికల్ తరగతుల కోసం అందంగా తిరగరాసే రికార్డు వేరు, ఇది వేరు. ఇందులో పని జరుగుతున్నప్పుడే, పెన్నుతో, తేదీతో సహా రాయాలి. తప్పు రాస్తే ఒక గీతతో కొట్టివేయాలే తప్ప పూర్తిగా చెరిపివేయకూడదు, పేజీ చింపకూడదు. ఏ కంపెనీ రసాయనం, ఏ లాట్ నంబరు, ఇంక్యుబేటర్‌లో అసలు ఉష్ణోగ్రత ఎంత, పద్ధతిలో చెప్పినదానికి భిన్నంగా ఏం చేశారు అన్నవన్నీ నమోదు కావాలి. విఫలమైన ప్రయోగాన్ని కూడా అంతే శ్రద్ధగా రాయాలి, ఎందుకంటే మూడు నెలల తర్వాత అదే ప్రయోగం సఫలమైనప్పుడు ఏది మారిందో చెప్పగలిగేది ఆ పేజీ ఒక్కటే. ఔషధ పరిశ్రమలో రాయని పని జరగని పనిగానే లెక్క. ఈ అలవాటుతో వచ్చిన అభ్యర్థిని ఇంటర్వ్యూ చేసేవారు కొద్ది నిమిషాల్లోనే గుర్తిస్తారు.

అందరి కళాశాలల్లోనూ పరిశోధనశాలలు ఉండవు. అలాంటిచోట చదివేవారు నిరుత్సాహపడనవసరం లేదు, ఎందుకంటే జీవశాస్త్ర సమాచారంలో చాలా భాగం ఎవరైనా ఉచితంగా వాడుకునేలా అందుబాటులో ఉంది. ప్రోటీన్ల త్రిమితీయ నిర్మాణాలను భద్రపరిచే ప్రోటీన్ డేటా బ్యాంక్ 1971 నుంచి నడుస్తోంది. జన్యుక్రమాలకు జెన్‌బ్యాంక్, పరిశోధన పత్రాల సారాంశాలకు పబ్‌మెడ్, జీవజాతులు ఎక్కడెక్కడ కనిపించాయో తెలిపే జీబిఫ్ ఉన్నాయి. ఒక ఎంజైమ్‌ను ఎంచుకుని, పది జాతుల్లో దాని క్రమాన్ని బ్లాస్ట్ అనే, పోలిన క్రమాలను వెతికిపెట్టే ఉచిత సాధనం ద్వారా వెతికి, పోల్చి, ఏ భాగం మారకుండా నిలిచిందో చూసి, ఆ భాగం నిర్మాణంలో ఎక్కడ ఉందో పరిశీలిస్తే, అది ఒక మంచి డిగ్రీ స్థాయి ప్రాజెక్టు. క్షేత్రస్థాయి పని ఇష్టమైనవారు ఒకే స్థలాన్ని ఎంచుకుని, ఒకే పద్ధతిలో, ఏడాది పొడవునా కీటకాలనో పక్షులనో లెక్కించవచ్చు. దీనికి కావలసింది క్రమశిక్షణ, ఒక గుర్తింపు పుస్తకం, కొలత టేపు మాత్రమే.

చదివే పద్ధతి

జీవశాస్త్రంలో పదజాలం ఎక్కువ కావడంతో చాలామంది పుస్తకాన్ని మళ్లీ మళ్లీ చదువుతారు, గీతలు గీస్తారు. దానికంటే పుస్తకం మూసి, తెల్ల కాగితం మీద గ్లైకాలిసిస్‌నో, మూత్రపిండంలో వడపోతనో జ్ఞాపకం నుంచి గీసి, తర్వాత పుస్తకంతో పోల్చుకోవడం ఎక్కువ కాలం నిలుస్తుంది. హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికే 2006లో ప్రచురించిన ప్రయోగాల్లో కూడా, తిరిగి చదివినవారికంటే గుర్తుచేసుకుని రాసినవారు ఒక వారం తర్వాత ఎక్కువ జ్ఞాపకం ఉంచుకున్నారు. గీసిన పటంలో ఒక భాగాన్ని చేత్తో మూసి, అది పనిచేయకపోతే ఏమవుతుందని ప్రశ్నించుకోవడం మరింత ఉపయోగకరం, ఎందుకంటే పై తరగతుల ప్రశ్నలన్నీ అలాగే ఉంటాయి.

వృత్తులను దగ్గరగా చూడటం

వృత్తిని ఎంచుకోవడానికి ముందు దాన్ని చేస్తున్నవారి రోజు ఎలా గడుస్తుందో తెలుసుకోవాలి. పరిశోధకుడి రోజులో ఆవిష్కరణ కంటే మరమ్మతు, ఎదురుచూపు, రాత ఎక్కువ. నాణ్యత నియంత్రణ విభాగంలో ఒకే పరీక్షను, ఒకే రాతపూర్వక విధానం ప్రకారం, ఏమాత్రం మార్పు లేకుండా చేయాలి. అది కొందరికి విసుగు, కచ్చితత్వాన్ని ఇష్టపడేవారికి తృప్తి. క్లినికల్ ట్రయల్ సమన్వయకర్తకు రోగులతో మాట్లాడే నేర్పు, కాగితాల మీద శ్రద్ధ రెండూ కావాలి. జనంలో వ్యాధులు ఎలా వ్యాపిస్తాయో అధ్యయనం చేసే ఎపిడెమియాలజీకి గణాంకం ప్రాణం. జన్యు సలహాదారుకు జన్యుశాస్త్రంతో సమానంగా, బాధలో ఉన్న కుటుంబంతో నెమ్మదిగా మాట్లాడగలగడం ముఖ్యం. పేటెంట్ల పరిశీలన, ఔషధ నియంత్రణ సంస్థలు, ఫోరెన్సిక్ ప్రయోగశాలలు, మ్యూజియాలు, ఎండబెట్టిన మొక్కల నమూనాలను భద్రపరిచే హెర్బేరియాలు, విజ్ఞాన రచన వంటివి విద్యార్థుల దృష్టికి అంతగా రావు, కానీ జీవశాస్త్రం బాగా తెలిసి రాత మీద పట్టున్నవారికి అక్కడ మంచి భవిష్యత్తు ఉంది.

సెలవుల్లో ఇంటర్న్‌షిప్ చేయడం దీనికి సరైన మార్గం. ప్రయోగశాలలో ఒక సెలవు గడిపినవారు తర్వాతి సెలవును కావాలనే భిన్నమైన చోట, ఒక కంపెనీలోనో, ప్రజారోగ్య కార్యాలయంలోనో, సంరక్షణ కేంద్రంలోనో గడపాలి. ఇష్టం లేని పని ఏదో తెలియడం కూడా విలువైన ఫలితమే. ఉద్యోగంలో ఉన్నవారితో అరగంట మాట్లాడే అవకాశం దొరికితే, ఉద్యోగం ఇప్పించమని అడగకుండా, ఆ పనిలో మొదటి మూడేళ్లు ఎలా గడిచాయి, కొత్తగా చేరేవారిలో ఏ నైపుణ్యం కొరవడుతోంది, పై చదువు నిజంగా అవసరమైందా అని అడగాలి. పట్టా పొంది రెండు మూడేళ్లే అయినవారి జవాబులు, ఉన్నత స్థానాల్లో ఉన్నవారి జవాబుల కంటే ఎక్కువగా పనికొస్తాయి.

వైద్యవిద్య కోసం జీవశాస్త్రాన్ని మెట్టుగా వాడుకోవాలనుకునేవారు ఆయా ప్రాంతాల్లో ప్రవేశానికి ఏ సబ్జెక్టులు, ఏ పరీక్ష కావాలో మొదటి ఏడాదిలోనే అధికారిక ప్రకటన చూసి నిర్ధారించుకోవాలి. ఆ ప్రవేశం దొరకని పక్షంలో ఇదే చదువుతో ఎటు వెళ్తారో కూడా అప్పుడే ఆలోచించుకోవాలి. ఈ రెండవ ఆలోచన లేకుండా చదువు ముగించినవారు ఏళ్ల తరబడి ఒకే పరీక్ష రాస్తూ ఉండిపోవడం చూస్తున్నాం.

పీహెచ్‌డీ విషయంలోనూ ఇంతే స్పష్టత అవసరం. అది సుదీర్ఘమైన నిబద్ధత. పీహెచ్‌డీ పొందేవారి సంఖ్యతో పోలిస్తే విశ్వవిద్యాలయాల్లో శాశ్వత అధ్యాపక పదవులు తక్కువ. ఉద్యోగం దొరకలేదన్న కారణంతో అందులో చేరకూడదు. ఒక ప్రశ్న మనసును వదలకుండా పట్టుకున్నప్పుడు, వైఫల్యాల మధ్య కూడా ప్రయోగశాలకు వెళ్లాలనిపించినప్పుడు చేరాలి. సందేహం ఉన్నవారు డిగ్రీ తర్వాత ఒకటి రెండేళ్లు ప్రయోగశాల సహాయకులుగా జీతానికి పనిచేసి చూడవచ్చు. ఆ అనుభవం ఎటువెళ్లినా వృథా కాదు.

చివరి ఏడాది

చివరి ఏడాది మొదలయ్యే నాటికే దరఖాస్తుల గడువులు తెలిసి ఉండాలి. పై చదువుల ప్రవేశాలకు గడువులు చాలాచోట్ల కోర్సు ప్రారంభానికి ఎన్నో నెలల ముందే ముగుస్తాయి. సిఫారసు లేఖ కోసం అధ్యాపకులను కనీసం నెల రోజుల ముందు అడగాలి, అడిగేటప్పుడు గడువు తేదీ, దరఖాస్తు చేస్తున్న కోర్సు వివరం, మీ రెజ్యూమె, వారి వద్ద మీరు చేసిన పని గురించి ఒక పేజీ జ్ఞాపిక కలిపి ఇవ్వాలి. రాయడానికి వారు సంకోచిస్తున్నట్టు కనిపిస్తే బలవంతపెట్టకుండా మరొకరిని అడగడమే మేలు, ఎందుకంటే పొడిపొడిగా రాసిన లేఖ అసలు లేఖ లేకపోవడం కంటే ఎక్కువ నష్టం చేస్తుంది.

రెజ్యూమెలో పద్ధతుల పేర్ల జాబితా రాయడం అందరూ చేసేదే. పీసీఆర్ తెలుసు అని రాయడానికీ, మట్టి నమూనాల నుంచి డీఎన్ఏ తీసి, ప్రైమర్లను (నకలు ఎక్కడ మొదలవ్వాలో చూపే చిన్న డీఎన్ఏ ముక్కలను) స్వయంగా రూపొందించి, పీసీఆర్ సరిగా రానప్పుడు మెగ్నీషియం గాఢతను, ఉష్ణోగ్రతను మార్చి సమస్యను పరిష్కరించాను అని రాయడానికీ మధ్య ఎంతో దూరం ఉంది. ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్నలు కూడా ఇక్కడి నుంచే వస్తాయి: ఏది పనిచేయలేదు, అప్పుడు ఏం చేశారు, మళ్లీ చేస్తే ఏం మారుస్తారు? నోట్‌బుక్ శ్రద్ధగా రాసినవారికి ఈ జవాబుల కోసం విడిగా సిద్ధం కానక్కరలేదు.

ప్రాజెక్టు నివేదికను ఆఖరి నెలకు వదిలేయకుండా, ప్రయోగం జరుగుతుండగానే పద్ధతుల భాగాన్ని, ఫలితం వచ్చిన రోజే దాని పటాన్ని, వివరణను రాసిపెట్టుకోవాలి. చివరగా, ప్రయోగశాలను వదిలి వెళ్లే ముందు ఒక వారాన్ని అప్పగింతకే కేటాయించండి. ఫ్రీజర్‌లోని ప్రతి నమూనాకు పేరు, తేదీ, ఉన్న పెట్టె సంఖ్యతో ఒక పట్టిక తయారుచేయాలి, విశ్లేషణకు వాడిన ప్రోగ్రాములను, మూల సమాచారాన్ని కంప్యూటర్‌లో ఒకే ఫోల్డర్‌లో వివరణతో సహా ఉంచాలి, నోట్‌బుక్‌ను గైడ్‌కు అప్పగించాలి, మీ తర్వాత ఆ పనిని అందుకునే విద్యార్థితో ఒక ప్రయోగాన్ని మొదటి నుంచి చివరి దాకా దగ్గరుండి చేయించాలి.